తలపడనివాడు

భీమవరంలో జగన్నాథరాజుగారి ఐస్ ఫ్యాక్టరీ ముందు సాయంత్రమయ్యేసరికి నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు పడేవి. ఒక పక్క రొయ్యల లారీలకు ఐస్ ఎక్కుతుంటే, ఇంకో పక్క ఎప్పుడో వందేళ్ళ కిందట అమెరికాలో కొట్టుకుని, ముసలివాళ్ళై, మట్టైపోయిన మొనగాళ్ళ మీద పంచాయితీ నడిచేది. తీర్పరి రాజుగారే. వినేది రిటైరైన ఇంగ్లీషు మాస్టారు భాస్కరం ఒక్కరే. మిగతా రెండు కుర్చీల్లో కూర్చునేవాళ్ళు టీ కోసం వచ్చేవారు, టీ తాగి లేచిపోయేవారు.

రాజుగారు జన్మలో ఒక్కనాడైనా గ్లవ్ తొడిగిన మనిషి కాదు. మద్రాసులో చదువుకునే రోజుల్లో పాత పుస్తకాల కొట్లలో కొన్న బాక్సింగ్ పత్రికలు మాత్రం ఓ ట్రంకుపెట్టె నిండా ఉండేవి. అవి తిరగేసి తిరగేసి ఆయనకో పద్ధతి పట్టుబడింది. ఫలానావాడు గొప్ప ఛాంపియన్ అని ఎవరైనా నోరు జారితే చాలు, మూడు ప్రశ్నలు వేసేవారు. ఎవర్ని కొట్టాడు? కొట్టేనాటికి వాడి వయసెంత? అప్పుడు వాడి ఒంట్లో ఎలా ఉంది? వీటికి జవాబు చెప్పలేనివాడు ఆయన లెక్కలో మనిషే కాదు. ఊళ్ళో కుర్రాళ్ళు ఆయనకు "ఎవర్ని కొట్టాడు రాజుగారు" అని పేరు పెట్టుకున్నారు. ఆ సంగతి ఆయనకు తెలుసు. కాస్త గర్వంగానే ఉండేది కూడా.

సలివాన్ పేరెత్తితే రాజుగారు ఊడ్చి అవతల పారేసేవారు. అంత మొనగాడు పీటర్ జాక్సన్‌తో ఎందుకు తలపడలేదయ్యా అని అడిగేవారు. నల్లవాడితో ఆడనన్నాడంటే దాని అర్థం భయపడ్డాడని కాక మరేంటని తీర్మానించేవారు. కార్బెట్ మీద కొంచెం దయ, ఎందుకంటే అతను అదే జాక్సన్‌తో అరవై ఒక్క రౌండ్లు నిలబడ్డాడు. డెంప్సీ సంగతి వస్తే, వాడు తలపడని నల్లవాడు హారీ విల్స్ గురించి చెప్పు ముందు అని గుడ్లురిమేవారు. భాస్కరం మాస్టారు నల్లవాళ్ళలో తొలి ఛాంపియన్ జాక్ జాన్సన్ పక్షం. రాజుగారు ఆ జాన్సన్నీ ఊరికే వదిలేవారు కాదు. లాంగ్‌ఫర్డ్ ఇంకా చిన్నవాడిగా, బరువు తక్కువగా ఉన్నప్పుడు కొట్టాడు సరే, తను ఛాంపియనయ్యాక అతనికి టైటిల్ కోసం ఒక్క ఛాన్సైనా ఇచ్చాడా అని నిలదీసేవారు.

రాజుగారికి జెఫ్రీస్ అంటే ప్రాణం. మాస్టారు సరిగ్గా అక్కడే గిల్లేవారు. జెఫ్రీస్ కొట్టేనాటికి ఫిట్జ్‌సిమన్స్‌కి నలభై దగ్గరపడ్డాయనీ, పైగా బక్కమనిషనీ, కార్బెట్ అప్పటికే అయిపోయిన సరుకనీ, జెఫ్రీస్ చేతిలో దెబ్బలు తిన్న పీటర్ జాక్సన్ జబ్బుమనిషనీ ఒక్కొక్కటే తీసేవారు. ఛాంపియనయ్యాక జెఫ్రీస్ కూడా నల్లవాణ్ణి దగ్గరికి రానివ్వలేదు కదండీ అని ముగించేవారు. రాజుగారు ఎర్రబడిపోయి, రిటైరయ్యాక తిరిగొచ్చి జాన్సన్ ముందు నిలబడి తన్నులు తిన్నాడా లేదా, ఆ ఒక్కదానికి అన్నీ చెల్లు అనేవారు.

"ప్రతి ఛాంపియన్‌కీ తలపడనివాడు ఒకడుంటాడండీ రాజుగారూ," అన్నారు మాస్టారు ఒకసారి. "వాడి సంగతి తెలిస్తేనే వీడెంతవాడో తెలుస్తుంది."

ఆ మాట రాజుగారికి ఎంత నచ్చిందంటే, మర్నాటినుంచి తన మాటే అన్నట్టు వాడుకోవడం మొదలుపెట్టారు.

ఇంత నిక్కచ్చి మనిషికి కొడుకు మెడికల్ సీటు దగ్గరికొచ్చేసరికి నిక్కచ్చితనం కాస్తా సడలింది. అది తొంభై ఏడో సంవత్సరం. శ్రీనివాసరాజుకి ఎంసెట్‌లో వచ్చిన ర్యాంకు నలుగురిలో చెప్పుకునేది కాదు. వచ్చే ఏడాది స్పోర్ట్స్ కోటాలో అయితే ఆశ ఉందని ఎవరో అన్నారు. బాక్సింగ్‌లో అన్నిటికన్నా పై బరువు తొంభై ఒక్క కేజీలు దాటినవాళ్ళదనీ, రాష్ట్రం మొత్తం మీద ఆ బరువుకి పేరిచ్చే నాథుడే ఉండడనీ, రింగులోకెళ్ళి చెయ్యెత్తితే బంగారు పతకం మెళ్ళో పడుతుందనీ ఆ అన్నవాడే దారి చూపించాడు. ఎవర్ని కొట్టాలని రాజుగారు అడగలేదు. ఆ పూట ఆ ప్రశ్న ఆయనకు గుర్తే రాలేదంటే నమ్మండి.

కుర్రాడేమో పొడుగ్గా, వెదురుబొంగులా ఉండేవాడు. వాడికి ఆట నేర్పడానికి ఓ కోచ్‌ని పెట్టారు. బరువు పెంచడానికి తల్లి సూర్యకాంతమ్మగారు ఉండనే ఉన్నారు. ఇద్దరిలో ఆవిడే తన పని బాగా చేశారు. పొద్దున్నే గుడ్లు, సున్నుండలు, మధ్యాహ్నం కోడివేపుడు, రాత్రి రొయ్యల ఇగురు, పడుకోబోయే ముందు గ్లాసుడు మీగడపాలు. వాడు ఆర్నెల్లు తిరక్కుండా తొంభై మూడుకి చేరాడు. మేడమెట్లెక్కితే రొప్పేవాడు. ఎడమచెయ్యి ముందుకు చాపి, కుడిచెయ్యి గడ్డం దగ్గర పెట్టుకుని నిలబడటం మటుకు వచ్చింది. ఆ తర్వాత ఏం చెయ్యాలో పెద్దగా రాలేదు.

రాష్ట్ర పోటీలు రాజమండ్రి శివార్లలో ఓ కాలేజీ హాల్లో పెట్టారు. రాజుగారు తెల్లారుతూనే కొడుకుని కారులో తీసుకొచ్చారు. సూర్యకాంతమ్మగారు కట్టిచ్చిన పెద్ద క్యారేజీ బెంచీ కింద పెట్టుకుని కూర్చున్నారు. కుర్రాడి తూకం అయిపోయింది. ఆ బరువులో ఇంకో పేరు కూడా ఉందని అప్పుడు తెలిసింది. తూర్పుగోదావరి నుంచి, ఉప్పాడ ఏసుపాదం. చేపల వేటకెళ్ళే మనిషనీ, కాకినాడలో నేర్చుకుంటున్నాడనీ, గట్టివాడనీ చెప్పారు. ఇంకా రాలేదు. తూకాలు ముగిసేలోపు రాకపోతే లెక్కలోంచి తీసేస్తారు. రాజుగారు గోడగడియారం వంక చూస్తూ, పాపం ఏమైందో అని పైకి అంటూ, లోపల వాడు రాకూడదని మొక్కుకుంటూ కూర్చున్నారు.

వచ్చాడు. కడియం దగ్గర బస్సు ఆగిపోతే కొంత దూరం లారీ మీద, కొంత దూరం పరుగు మీద వచ్చాడు. చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయింది. వలలు లాగి గట్టిపడ్డ ఆ భుజాలు చూసేసరికి రాజుగారు చప్పున పక్కకి తిరిగి చూశారు. తన కొడుకు మూతి, ముక్కు, పళ్ళు ఒక్కొక్కటే ఆయన కళ్ళముందు పగిలాయి. ఆ వెనకే సీటు కూడా.

కానీ ఏసుపాదం తూగలేదు. ఇంటిదగ్గర బొటాబొటీగా సరిపోయిన బరువు ఆ పరుగులో చెమటై పోయింది. తొంభై ఒకటికి అరకేజీ పైచిలుకు తక్కువొచ్చింది. దాని కింది బరువులో వాళ్ళ జిల్లా నుంచి వేరేవాడి పేరు ముందే ఉంది. కాబట్టి ఇందులో తూగకపోతే ఇక ఇంటికే. తూకాలు మూసేలోపు మళ్ళీ రావచ్చునన్నారు. అతను కుళాయి దగ్గరికి పోయి కడుపు పట్టినన్ని నీళ్ళు తాగాడు. తాగినవి తాగినట్టే గోడవారగా కక్కుకున్నాడు. రాత్రినుంచి ఏమీ తినలేదట. క్యాంటీన్ ఇంకా తెరవలేదు. దరిదాపుల్లో కొట్టు లేదు.

"ఆ భీమవరం రాజుగారినడుగు, వాళ్ళు క్యారేజీ లేకుండా కదలరు," అని తూకం దగ్గరాయన నవ్వుతూ చెప్పడం రాజుగారికి వినబడింది. అవును మరి. భీమవరం రాజుల ఇళ్ళల్లో అతిథి చాలు చాలని చెయ్యి అడ్డం పెట్టినా, వేళ్ళసందుల్లోంచి వడ్డిస్తారని గోదావరి జిల్లాలంతా చెప్పుకుంటారు. రాజుగారి ఇంట్లో భోజనం చేసి లేవలేక అక్కడే నడుం వాల్చిన ఆఫీసర్లు ఎందరో ఉన్నారు.

ఏసుపాదం దగ్గరికొచ్చి, తడిచేతులు నిక్కరుకి తుడుచుకుని, కాస్త సిగ్గుపడుతూ నిలబడ్డాడు.

"తినడానికేమైనా ఉంటే కొంచెం పెడతారా అండీ. ఖాళీ కడుపులో నీళ్ళు ఆగట్లేదు."

"అయిపోయింది బాబూ," అన్నారు రాజుగారు. "ఇప్పుడే మావాడు తినేశాడు."

ఆ మాట అంత తేలిగ్గా ఎలా వచ్చిందో ఆయనకే తెలీదు. మాటతోపాటు కాలు కూడా కదిలింది. చెప్పుకాలితో క్యారేజీని బెంచీ కిందికి ఇంకాస్త లోపలికి తోశారు. పక్కన కూర్చున్న శ్రీనివాసరాజు ముందు ఆ కాలి వంక చూశాడు. తర్వాత తండ్రి మొహం వంక చూశాడు. ఏసుపాదం పర్లేదండీ అనేసి, కుర్రాడి భుజం తట్టి, బాగా ఆడు తమ్ముడూ అని చెప్పి మళ్ళీ కుళాయి వైపు నడిచాడు. రెండోసారి కూడా తూగలేదు. రింగులో శ్రీనివాసరాజు ఒక్కడే నిలబడ్డాడు, రిఫరీ వాడి చెయ్యెత్తాడు, పతకం మెళ్ళో పడింది. ఎవరో చప్పట్లు కూడా కొట్టారు.

క్యారేజీ మూత తియ్యకుండా అలాగే ఇల్లు చేరింది. సూర్యకాంతమ్మగారు అన్నీ పాడైపోయాయని నొచ్చుకుని, ఎవరికైనా పెట్టెయ్యలేకపోయారా అన్నారు. రాజుగారు కాళ్ళు కడుక్కునే నెపంతో పెరట్లోకి వెళ్ళిపోయారు.

రాజుగారు వద్దు వద్దంటున్నా ఊళ్ళోవాళ్ళు ఐస్ ఫ్యాక్టరీ దగ్గర సన్మానం పెట్టేశారు. కుర్రాడికి శాలువా కప్పారు, గజమాల వేశారు. భాస్కరం మాస్టారు మైకు పుచ్చుకుని నాలుగు మంచిమాటలు చెప్పి, చివర్లో సరదాగా, ఇన్నేళ్ళూ మమ్మల్ని వేధించిన ప్రశ్న ఇవాళ మేం రాజుగారిని అడుగుతాం అన్నారు. అందరికీ అర్థమైపోయింది. అందరూ ఒక్క గొంతుతో "ఎవర్ని కొట్టాడండీ?" అని అరిచి నవ్వారు.

రాజుగారు కూడా నవ్వారు. "ఉప్పాడ వాడొకడున్నాడు లెండి. గట్టివాడే," అన్నారు.

ఆ నవ్వుల్లోనే శ్రీనివాసరాజు మెళ్ళో దండ తీసి కుర్చీ మీద పెట్టి, లేచి ఇంటికి నడిచి వెళ్ళిపోయాడు. ఆటగాడికి మొహమాటం ఎక్కువని అందరూ మెచ్చుకున్నారు.

ఆ రాత్రి రాజుగారు ట్రంకుపెట్టె దగ్గర కూర్చున్నారు గానీ మూత ఎత్తలేదు. ఎత్తడానికి సిగ్గేసింది. సలివాన్ దుర్మార్గుడే అనుకోండి, కానీ ఆడనన్నమాట పదిమందిలో చెప్పాడు. డెంప్సీ, విల్స్ ఎందుకు కలవలేదో మేనేజర్లూ ప్రమోటర్లూ తలో సాకూ చెప్పారు. జాన్సన్ లాంగ్‌ఫర్డ్‌కి మొహం చాటేశాడు. వీళ్ళందరినీ ఇన్నేళ్ళూ బోనులో నిలబెట్టి కడిగేసిన తను ఏంచేశాడు? ఆకలితో వచ్చి చెయ్యి చాపినవాడి ముద్ద దాచాడు. ఎదుటివాడికి అన్నం పెట్టకుండా గెలిచిన ఛాంపియన్ ఆ పెట్టెడు పత్రికల్లో ఎక్కడా లేడు. ఛీ, ఇదీ ఒక బతుకేనా అనిపించింది. తాతగారు, ముత్తాతగారు గోడమీద ఫోటోల్లోంచి చూస్తుంటే లైటు తీసేసి పడుకున్నారు.

కోటా అప్లికేషన్‌కి గడువు దగ్గరపడింది. శ్రీనివాసరాజు దాన్ని ముట్టుకోవడం లేదు. తండ్రితో ఉలుకూ లేదు పలుకూ లేదు. పెట్టింది కూడా సగం వదిలేసి లేచిపోతున్నాడు. తల్లి దిష్టి తగిలిందని ఎర్రనీళ్ళు తీశారు. చివరికి రాజుగారే ఉండబట్టలేక వాడి గదిలోకి వెళ్ళి, సీటు కోసమే కదా బాబూ ఇదంతా, నీకు దెబ్బలు తగులుతాయని భయపడ్డాను, ఏ తండ్రైనా భయపడతాడు అని మొదలుపెట్టారు. వాడు చివరిదాకా విన్నాడు.

"మీరెళ్ళి అతనితో చెప్పండి నాన్నగారూ. క్యారేజీ ఉందని చెప్పండి. చెప్పిన మర్నాడే అప్లికేషన్ పంపిస్తాను."

ఇదేం మెలికరా బాబూ అనుకున్నారు రాజుగారు. కానీ రాత్రంతా బేరీజు వేసుకున్నారు. ఎక్కడో ఉప్పాడ. ఎవరూ తెలిసినవాళ్ళుండరు. ఓ మాట పడేసి వచ్చేస్తే సీటు దారిలో పడుతుంది. చూశారా, క్షమాపణ చెప్పుకోడానికి బయల్దేరుతూ కూడా ఆయన బుర్రలో తిరుగుతున్నది సీటే.

ఉప్పాడలో సముద్రం ఏటికేడు ఊళ్ళోకి జరిగి వీధులు మింగుతోంది. ఏసుపాదం ఇల్లు ఒడ్డువరస నుంచి రెండోది. మొన్నమొన్నటిదాకా అయిదోదట. వాకిట్లో వల బాగుచేసుకుంటున్నవాడు తండ్రీకొడుకుల్ని చూసి గబగబా లేచాడు. మొహం నిండా సంతోషం. రాజుగారండీ, తమ్ముడండీ అని లోపలికి తీసుకుపోయాడు. ఏ పనిమీద వచ్చారని ఎవరూ అడగలేదు. అతని తల్లి జ్ఞానమ్మ చాప పరిచి, అరిటాకులు వేసి, తమ ఇంట్లో తినడానికి అభ్యంతరం ఏమైనా ఉందేమోనని మాత్రం అడిగింది. రాజుగారు లేదమ్మా, నేనో మాట చెప్పాలి అన్నారు. ముందు తినండి బాబూ, మాటలెక్కడికి పోతాయి అంది ఆవిడ.

అప్పుడే దించిన పండుగొప్ప చేప పులుసు, పొగలు కక్కుతున్న అన్నం. రాజుగారు రెండు ముద్దలు తిన్నారో లేదో ఆవిడ ఇంకో గరిటె వేసింది. చాలంటే వినలేదు. చెయ్యి అడ్డం పెడితే చెయ్యి పక్కకి తోసి వడ్డించింది. శ్రీనివాసరాజు తలొంచుకుని అన్నం కెలుకుతున్నాడు. ఒక్కసారి తలెత్తి తండ్రి వంక చూశాడు. ఇంక ఆలస్యం చేస్తే చెప్పలేననిపించింది రాజుగారికి. ఆయన గొంతు సవరించుకునేలోపు జ్ఞానమ్మే అందుకుంది.

"ఆ రోజు మీ దగ్గరా అయిపోయిందంట కదా బాబూ. పిల్లోడికి పెట్టుకుని, పాపం రాజుగారే పస్తున్నట్టున్నారమ్మా అని మావోడు ఇంటికొచ్చి ఒకటే బాధ."

రాజుగారికి నోట్లో ముద్ద అటూ ఇటూ కాలేదు. పిల్లవాడి కోసం పస్తున్నాడని తనమీద జాలిపడ్డారా వీళ్ళు? ఓడిపోయి, ఆకలితో ఇల్లు చేరి, తన ఆకలి గురించి మాట్లాడుకున్నారా? ముద్ద ఎలాగో మింగారు.

"అయిపోలేదమ్మా," అన్నారు. "క్యారేజీ నిండా ఉంది. నా కాళ్ళదగ్గరే ఉంది. లేదని అబద్ధం చెప్పాను. మీవాడు తూగితే మావాడు ఓడిపోతాడని."

జ్ఞానమ్మ చేతిలో గరిటె ఉంది. దాన్లో చేపముక్క ఉంది. ఆవిడ కొడుకు వంక చూసింది. ఆవిడ ఆ ముక్కని తిరిగి గిన్నెలో వేసి, మూతపెట్టి, గోడకి చేరబడి కూర్చుంది.

"ఆకులోది తినండి బాబూ, చల్లారిపోద్ది," అంది.

ఆవిడ తిట్టి ఉంటే బాగుండేది. కాసిని నీళ్ళు మొహాన కొట్టి బయటికి పొమ్మన్నా బాగుండేది. ఆకులో ఉన్నదంతా, మెతుకు మిగల్చకుండా, వాళ్ళు చూస్తుండగా రాజుగారు తిన్నారు. రుచి తెలియలేదు. అన్నం అయిపోయినా ఇంకొంచెం వెయ్యనా అని ఎవరూ అడగలేదు. పుట్టి బుద్ధెరిగాక, అడిగేవాళ్ళు లేక ఆయన ఆకు ముందునుంచి లేవడం అదే మొదలు.

చేతులు కడుక్కోడానికి ఏసుపాదమే చెంబుతో నీళ్ళు పోశాడు. పోస్తూ, వంచిన తల ఎత్తకుండా, మెల్లగా అన్నాడు.

"తమ్ముడికి ఆట కొత్తని చూడగానే తెలిసిందండీ. చూసుకునే కొట్టేవాణ్ణి."

రాజుగారు చేతులు అలా చాపుకునే ఉండిపోయారు. చెంబులో నీళ్ళు అయిపోయాక అతను లోపలికి వెళ్ళాడు, వీళ్ళు కారెక్కారు. ఊరు దాటారు. శ్రీనివాసరాజు అన్నమాట మీద నిలబడే పిల్లాడు. ఆర్నెల్లుగా తనకు పెట్టిన తిండికీ, పడ్డ తాపత్రయానికీ బదులుగా ఆ సీటు మీద తండ్రికి హక్కుందని కూడా అనుకున్నాడేమో.

"మీరు చెప్పేశారు కదా నాన్నగారూ. రేపు అప్లికేషన్ పంపించేస్తాను," అన్నాడు.

ఈ మాట కోసమే రాజుగారు అంత దూరం వెళ్ళారు. కారు పక్కకి తీసి ఆపారు. స్టీరింగు మీద పెట్టిన చేతులకి ఇంకా పులుసు వాసన వస్తోంది.

"వద్దు బాబూ," అన్నారు కొడుకు వైపు తిరగకుండానే. "అది పంపావంటే నేనింక నీ మొహం చూడలేను."